పుట్టిన గడ్డ పౌరసత్వం: రాజ్యాంగాన్ని మార్చడం ఒక ఎత్తు, ఆ తర్వాతి కాగితాలు మరో ఎత్తు

అమెరికాలో పుట్టిన బిడ్డకు పౌరసత్వం రాజ్యాంగం నుంచి వస్తుంది. కెనడాలో పుట్టిన బిడ్డకు మామూలు చట్టం నుంచి వస్తుంది. ఆస్పత్రి నుంచి పసిగుడ్డుతో ఇంటికెళ్లే తల్లిదండ్రులకు ఈ తేడా కనబడదు. ఎవరైనా ఆ హక్కుకు కత్తెర వేద్దామనుకున్న రోజున మాత్రం కథంతా అక్కడే ఉంటుంది. చట్టంలో ఉన్నదాన్ని పార్లమెంటు మామూలు మెజారిటీతో మార్చేస్తుంది. రాజ్యాంగంలో ఉన్నదాన్ని కదిలించాలంటే ఆ దేశం పెట్టుకున్న గడియలన్నీ ఒక్కొక్కటిగా తీయాలి.

చట్టంతో పని కానిచ్చిన దేశాలు చాలానే ఉన్నాయి. 1983 జనవరి 1 నుంచి బ్రిటన్, 1986 ఆగస్టు 20 నుంచి ఆస్ట్రేలియా, 2006 జనవరి 1 నుంచి న్యూజిలాండ్ తమ గడ్డ మీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం ఇవ్వడం మానేశాయి. మనమూ ఆ వరుసలోనే ఉన్నాం. మన రాజ్యాంగంలోని 5 నుంచి 10 వరకు అధికరణలు రాజ్యాంగం మొదలైన నాటికి ఎవరు పౌరులో చెప్పి ఊరుకున్నాయి. తర్వాతి సంగతి తేల్చే అధికారాన్ని 11వ అధికరణ పార్లమెంటుకు అప్పగించింది. 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం మొదట్లో భారతదేశంలో పుడితే చాలు. 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి అన్నారు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న విదేశీ జంటకు నిలోఫర్‌లో బిడ్డ పుడితే ఆ బిడ్డ భారత పౌరుడు కాదు, 1987 నుంచీ కాదు. టెక్సాస్‌లో పుట్టే పిల్లల సంగతి మీద ఇంత చర్చ చేసే మన ఇళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే.

అమెరికాలో అలా కుదరకపోవడానికి కారణం 1868లో ఆమోదం పొందిన 14వ సవరణ. అంతకు పదకొండేళ్ల ముందు, 1857లో, డ్రెడ్ స్కాట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి పౌరులు కాలేరని తీర్పిచ్చింది. అంతర్యుద్ధం ముగిశాక ఆ తీర్పు మళ్లీ తల ఎత్తకుండా సమాధి చేయాలనుకున్నారు. రేపటి కాంగ్రెస్ మార్చేయగల చట్టంతో తృప్తిపడకుండా రాజ్యాంగంలోనే రాశారు. అమెరికాలో పుట్టి, ఆ దేశ అధికార పరిధికి లోబడి ఉన్నవారంతా పౌరులే అన్నది ఆ వాక్యం సారం. నేటి వివాదమంతా ‘అధికార పరిధికి లోబడి’ అన్న షరతు చుట్టూ తిరుగుతోంది.

ఆ షరతు ఎవరిని బయట పెట్టిందో 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసు తేల్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వంటపనివాడు అతను. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే ఓడరేవులో ఆపేశారు. 6-2 తేడాతో అతనే గెలిచాడు. విదేశీ రాయబారుల పిల్లలు, దండెత్తి వచ్చి ఆక్రమించిన శత్రుసేనలో ఉన్నవారి పిల్లలు, విదేశీ ప్రభుత్వ నౌకల్లో పుట్టినవారు, అప్పటికి తమ తెగల పాలన కింద ఉన్న ఆదివాసులు మాత్రమే మినహాయింపు అంది కోర్టు. ఆదివాసులకు 1924లో చట్టం ద్వారా పౌరసత్వం వచ్చింది. తీర్పులో ఒక మెలిక ఉంది. వాంగ్ తల్లిదండ్రులు అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్నారని కోర్టు పదేపదే ప్రస్తావించింది. జన్మహక్కును కుదించాలనేవారు దీన్నే పట్టుకుని, తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి, వీసాయే లేనివారికి ఆ తీర్పు వర్తించదంటారు. తీర్పులోని తర్కం స్థిరనివాసం మీద కాక పుట్టిన చోటు మీద నిలబడిందన్నది అవతలివారి వాదన. తీర్పు చదివితే రెండో పక్షానిదే పైచేయి అనిపిస్తుంది. 1982లో, చట్టవిరుద్ధంగా వచ్చినవారి పిల్లల బడి చదువుకు సంబంధించిన ప్లైలర్ కేసులో కోర్టు ఒక అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్)లో, చట్టబద్ధంగా వచ్చినవారికీ అలా రానివారికీ ‘అధికార పరిధి’ విషయంలో తేడా చూపలేమనీ రాసింది.

ఆ కాలంలో భారతీయులకు ఈ వాక్యం ఎంత పనికొచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు ‘శ్వేతజాతి’ కాదు కనుక పౌరసత్వం పొందడానికి అనర్హులని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా తల్లిదండ్రులకు ఆ తలుపు మూసే ఉంది. అక్కడ పుట్టిన వాళ్ల పిల్లలు మాత్రం పౌరులే. తండ్రికి అందని హక్కు కొడుక్కి పుట్టుకతోనే వచ్చిందంటే, అది ఈ సవరణ పుణ్యమే.

ఇక మార్చాలంటే ఎలా? అమెరికా రాజ్యాంగం ఐదో అధికరణ చెప్పే దారి ఇది: రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు, ఆపైన 50 రాష్ట్రాల్లో నాలుగింట మూడు వంతులు, అంటే 38 రాష్ట్రాల ఆమోదం. సభ్యులంతా హాజరై ఓటేస్తే ప్రతినిధుల సభలో 290, సెనేట్‌లో 67 కావాలి. అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు, వీటో చెల్లదు. 34 రాష్ట్రాలు కోరితే ప్రత్యేక సమావేశం పెట్టి సవరణ ప్రతిపాదించే రెండో దారి ఉంది కానీ ఇంతవరకు ఎవరూ దాన్ని తొక్కలేదు. లెక్కను తిరగేసి చూస్తే కష్టం ఇంకా తేటపడుతుంది. నెబ్రాస్కాలో తప్ప మిగతా రాష్ట్రాలన్నింటా చట్టసభకు రెండు సభలున్నాయి. ఏవైనా 13 రాష్ట్రాల్లో ఒక్కో సభ కాదంటే చాలు, సవరణ ఆగిపోతుంది. ఇప్పటివరకు వచ్చిన సవరణలు 27. అందులో చివరిది 1992లో ఆమోదం పొందింది, అదీ 1789లో ప్రతిపాదించినది. కాంగ్రెస్ పంపాక త్వరగా నెగ్గిన చివరి సవరణ 1971లో ఓటు హక్కును 18 ఏళ్లకు తగ్గించినది.

అందుకే ప్రతిపాదనలు వస్తూనే ఉంటాయి, ఓటింగు దాకా చేరవు. 1996లో రిపబ్లికన్ పార్టీ ఎన్నికల ప్రణాళికలోనే ఇది ఉంది. 2011లో సెనేటర్లు డేవిడ్ విట్టర్, రాండ్ పాల్ తెచ్చిన సవరణ ముసాయిదా ఈ బాపతులో ఒక నమూనా. తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైనా, గ్రీన్‌కార్డుతో అక్కడ నివసిస్తున్నా, సైన్యంలో పనిచేస్తున్నా తప్ప బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రాదు. గమనించండి: దొంగదారిన వచ్చినవారి కోసమే ఈ సవరణలని ప్రచారం, కానీ వాక్యం రాసేసరికి హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద పదేళ్లుగా పన్ను కడుతున్న ఇంజనీరు కూడా గీతకు అవతలే పడ్డాడు. రాసినవాళ్ల పొరపాటు కాదది. తాత్కాలికం, శాశ్వతం అనే రెండు గంపల్లోనే వలస చట్టం మనుషుల్ని వేస్తుంది, మధ్యలో గంప లేదు. మనవాళ్లు భారత్‌ కోటాలో గ్రీన్‌కార్డు కోసం దశాబ్దాలు నిలబడ్డా ఆ కాలమంతా తాత్కాలికం లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడాదికి 7 శాతం మించకూడదన్న పరిమితి ఉంది.

సవరణ గడప ఎక్కలేమని తెలిసే 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు దారి పట్టారు. 14160 నంబరు ఉత్తర్వు రాజ్యాంగాన్ని మార్చలేదు, దానికి కొత్త అర్థం చెప్పింది. తల్లి చట్టవిరుద్ధంగా ఉన్నా, చట్టబద్ధంగానే కానీ తాత్కాలిక వీసా మీద ఉన్నా, తండ్రి పౌరుడు గానీ గ్రీన్‌కార్డుదారు గానీ కాకపోతే బిడ్డకు పౌరసత్వ పత్రాలు ఇవ్వొద్దంది. 30 రోజుల తర్వాత పుట్టేవారికే వర్తిస్తుందని కూడా రాశారు. మూడు రోజుల్లోనే సియాటిల్ జడ్జి ఆపారు. ఒక్క జడ్జి దేశమంతటికీ నిలుపుదల ఇవ్వడమేమిటన్న వాదన మీద జూన్ 27న సుప్రీంకోర్టు అలాంటి ఉత్తర్వులకు పరిమితి పెట్టింది, అసలు ప్రశ్న జోలికి పోలేదు. జూలై 10న న్యూహాంప్‌షైర్‌లో పిల్లలందరి తరఫున సామూహిక దావాగా మలిచి మళ్లీ ఆపించారు. డిసెంబరు 5న సుప్రీంకోర్టు అసలు ప్రశ్ననే విచారణకు తీసుకుంది. ఈ దారిలో ఒక లోపం ఎప్పుడూ ఉంటుంది: ఒక అధ్యక్షుడి సంతకంతో వచ్చింది మరో అధ్యక్షుడి సంతకంతో పోతుంది. సవరణ అయితే అలా పోదు. కుదించాలనేవారిలో పట్టుదల ఉన్నవాళ్లు నేటికీ సవరణే కావాలనడానికి కారణం ఇదే.

నిజంగా రాజ్యాంగాన్ని సవరించి మరీ జన్మహక్కును తీసేసిన ప్రజాస్వామ్యాన్ని చూడాలంటే ఐర్లండ్ వెళ్లాలి. తమాషా ఏమిటంటే అక్కడ ఆ హక్కు రాజ్యాంగంలోకి వచ్చింది కూడా ఎంతో కాలం కాలేదు. అంతకుముందు 1956 చట్టంలో ఉండేది. ఉత్తర ఐర్లండ్‌లో శాంతి కోసం 1998లో కుదిరిన గుడ్‌ఫ్రైడే ఒప్పందంలో భాగంగా రెండో అధికరణను మార్చి, ఐర్లండ్ ద్వీపంలో పుట్టిన ప్రతివారికీ ఐరిష్ జాతిలో భాగమయ్యే హక్కు ఉందని రాశారు. ద్వీపంలోనే ఉన్నా బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లోని కేథలిక్కుల కోసం రాసిన వాక్యం అది. డబ్లిన్‌లో ఆశ్రయం కోరివచ్చిన నైజీరియన్ తల్లికి పుట్టిన బిడ్డకూ వర్తించింది. పౌరురాలైన బిడ్డను చూపించి తల్లిదండ్రులు దేశంలో ఉండిపోవచ్చా అన్న ప్రశ్న మీద 2003 జనవరిలో ఐరిష్ సుప్రీంకోర్టు, ఆ హక్కు దానంతటదే రాదని తేల్చింది. అప్పటికే ఐరోపా కోర్టులో చెన్ కేసు కూడా నడుస్తోంది. బ్రిటన్‌లో ఉండదలచిన చైనా తల్లి బెల్‌ఫాస్ట్ వెళ్లి ప్రసవించింది. బిడ్డ ఐరిష్ పౌరురాలు, అందువల్ల ఐరోపా పౌరురాలు, అందువల్ల తల్లితో సహా బ్రిటన్‌లో ఉండొచ్చు. ఈ గొలుసు నిలుస్తుందని ఐరోపా కోర్టు సలహాదారు 2004 మేలో అభిప్రాయం చెప్పారు, అక్టోబరులో తీర్పూ అలాగే వచ్చింది.

ఐరిష్ ప్రభుత్వం ఎంత త్వరగా కదిలిందో చూడండి. 2004 మార్చిలో ప్రకటించింది, జూన్ 11న స్థానిక, ఐరోపా ఎన్నికలతో పాటే జనవాక్య సేకరణ జరిపింది. అక్కడ రెండు సభల్లో మామూలు మెజారిటీ, తర్వాత ప్రజల ఓట్లలో సగానికి మించి వస్తే చాలు. పోలైన ఓట్లలో దాదాపు 79 శాతం ‘అవును’ అన్నాయి. ఉత్తర ఐర్లండ్ జాతీయవాద పార్టీలు ఒప్పందానికి తూట్లు పొడుస్తున్నారని అరిచి గీపెట్టాయి. ఒప్పందానికి ఇది విరుద్ధం కాదని డబ్లిన్, లండన్ ప్రభుత్వాలు కలిసి ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

ఆ సవరణ రాసిన తీరును ముసాయిదాలు రాసేవాళ్లు శ్రద్ధగా చూడాలి. పాత రెండో అధికరణను ముట్టుకోలేదు. తొమ్మిదో అధికరణలో ఒక భాగం చేర్చి, రాజ్యాంగంలో మరేమి ఉన్నా, పుట్టిన నాటికి తల్లిదండ్రుల్లో ఒకరైనా ఐరిష్ పౌరులు లేదా పౌరసత్వానికి అర్హులు కాకపోతే, చట్టం ఇస్తే తప్ప పౌరసత్వ హక్కు ఉండదన్నారు. ఎన్నేళ్లు నివసించాలి, ఏ వీసా లెక్కలోకి వస్తుంది లాంటివేవీ రాజ్యాంగంలో పెట్టలేదు, పార్లమెంటుకు వదిలేశారు. సవరణకు ముందు పుట్టినవారికి ఇది వర్తించదని రెండో వాక్యంలో కట్టుదిట్టంగా రాశారు. రాజ్యాంగం జూన్‌లో మారినా పాత చట్టం అలాగే ఉంది కనుక, 2005 జనవరి 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా పుట్టిన పిల్లలూ పౌరులే. అంటే రాజ్యాంగ సవరణ హక్కును తీసేయలేదు, తీసేసే వీలు మాత్రం కల్పించింది. అమెరికాలోనూ ఇదే చిక్కు ఉంటుంది. 14వ సవరణలోని వాక్యమే అక్కడి వలస చట్టంలోనూ అచ్చంగా ఉంది. కొత్త సవరణను నేరుగా ‘పౌరులు కారు’ అని రాస్తే ఒక ఫలితం, ‘కాంగ్రెస్ నిర్ణయించవచ్చు’ అని రాస్తే మరో ఫలితం. రెండో పద్ధతిలో ప్రతి ఎన్నికకూ పౌరసత్వం బేరానికి వస్తుంది.

కొత్త ఐరిష్ చట్టం ప్రకారం బిడ్డ పుట్టడానికి ముందు నాలుగేళ్లలో తల్లిదండ్రుల్లో ఒకరు కనీసం మూడేళ్లు ఆ ద్వీపంలో చట్టబద్ధంగా నివసించి ఉండాలి. బ్రిటిష్ పౌరులకు ఈ షరతు లేదు. చదువు కోసం ఉన్న కాలం, ఆశ్రయ దరఖాస్తు తేలేదాకా గడిపిన కాలం లెక్కలోకి రావు. డబ్లిన్‌లో ఎమ్మెస్ చేసి ఉద్యోగంలో చేరిన మన పిల్లలు తడబడేది ఇక్కడే. నాలుగేళ్లుగా ఉంటున్నాం కదా అనుకుంటారు, అందులో స్టాంప్ 2 అనే విద్యార్థి అనుమతి మీద గడిచిన చదువుకాలం తీసేస్తే మూడేళ్లు నిండవు. ఇక ఏ దేశ పౌరసత్వమూ రాని బిడ్డ పుడితే మాత్రం ఐరిష్ పౌరసత్వం ఇచ్చే వెసులుబాటు చట్టంలో ఉంచారు. అప్పటికే ఐరిష్ బిడ్డలున్న వలస తల్లిదండ్రుల కోసం 2005లో ప్రత్యేక పథకం పెట్టి వేలమందికి ఉండే అనుమతి ఇచ్చారు. నాకు తోచినంతలో, ఐర్లండ్ చేసింది సరైనదా కాదా అన్నది వేరే వాదన గానీ, చేసిన పద్ధతి మాత్రం శుభ్రంగా ఉంది: వెనక్కి వెళ్లలేదు, దేశం లేని పిల్లల్ని తయారు చేయలేదు.

ఆ రెండూ చేస్తే ఏమవుతుందో డొమినికన్ రిపబ్లిక్ చూపించింది. 1929 నుంచి అక్కడి రాజ్యాంగం దేశం గుండా ‘ప్రయాణంలో ఉన్నవారి’ పిల్లలకు జన్మహక్కు మినహాయించింది. 1939 నిబంధనల్లో ప్రయాణమంటే పది రోజులు. చెరకు తోటల్లో పనికి వచ్చి దశాబ్దాలు ఉండిపోయిన హైతీవాళ్లను కూడా 2004 వలస చట్టంతో ఆ మాట కిందికి లాగారు. 2010 కొత్త రాజ్యాంగం చట్టవిరుద్ధంగా ఉన్నవారి పిల్లల్ని సూటిగా మినహాయించింది. అక్కడితో ఆగితే ముందుకు వర్తించే మార్పుగా మిగిలేది. 2013 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని 1929 దాకా వెనక్కి లాగింది. జనన పత్రంతో, ఓటరు కార్డుతో బతికిన మనుషులు రాత్రికి రాత్రి ఏ దేశానికీ చెందనివారయ్యారు. గగ్గోలు పుట్టాక 2014లో దిద్దుబాటు చట్టం తెచ్చారు. అప్పటికే రిజిస్టర్లో ఉన్నవారికి కొంత ఊరట దక్కింది, పుట్టుక నమోదే కానివారు మళ్లీ విదేశీయులుగా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది.

అమెరికాలో ఇలాంటి సవరణ ఎప్పుడైనా నెగ్గిందనుకుందాం. అసలు పని అప్పుడు మొదలవుతుంది. జన్మహక్కు పోయిన చోట తల్లిదండ్రుల హోదా తనిఖీ వచ్చి కూర్చుంటుంది, అదీ వలసవాళ్లకే కాదు, పుట్టే ప్రతి బిడ్డకూ. ఇవాళ అక్కడ జనన పత్రం రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది. అందులో తల్లిదండ్రుల వీసా సంగతి ఉండదు. ఆస్పత్రిలోనే సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు నింపుతారు. పాస్‌పోర్టుకు ఆ జనన పత్రమే పౌరసత్వ రుజువు. రేపు ఆ పత్రం ఒక్కటే చాలదు. తల్లి పౌరురాలని చూపాలి, ఆమె కూడా మార్పు తర్వాత పుట్టిందైతే ఆమె తల్లిదండ్రుల కాగితం కావాలి. తరం గడిచేకొద్దీ గొలుసు పెరుగుతుంది.

ఇది ఊహ కాదు, మన దగ్గర జరుగుతున్నదే. 2025 జూన్ 24న బీహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణకు ఎన్నికల సంఘం ఇచ్చిన ఆదేశంలో, 2003 జాబితాలో పేరు లేనివారిని మూడు తరగతులు చేసింది: 1987 జూలై 1కి ముందు పుట్టినవారు తమ పత్రం ఇస్తే చాలు, ఆ తర్వాత 2004 డిసెంబరు 2 లోపు పుట్టినవారు తమదీ తల్లిదండ్రుల్లో ఒకరిదీ, ఆపైన పుట్టినవారు తమదీ ఇద్దరిదీ ఇవ్వాలి. పౌరసత్వ చట్టంలో ఎప్పుడో గీసిన రెండు గీతలు కూలిపని చేసుకునే మనిషి చేతిలో దరఖాస్తుగా దిగాయి. జనన నమోదు సరిగ్గా లేని కాలంలో పుట్టిన తల్లిదండ్రుల పత్రం ఎక్కడినుంచి తేవాలన్న ప్రశ్నకు ఆ గీతల దగ్గర జవాబు లేదు.

తేదీ ఒక్కటే కాదు, ‘తల్లిదండ్రులు’ ఎవరన్నదీ తేల్చాలి. బ్రిటన్‌లో 1983 తర్వాత కూడా పెళ్లికాని జంటకు పుట్టిన బిడ్డకు తండ్రి పౌరసత్వం లెక్కలోకి వచ్చేది కాదు. 2006 జూలై 1న గానీ అది మారలేదు. ఈలోపు బ్రిటిష్ తండ్రికి లండన్‌లో పుట్టీ బ్రిటిష్ పౌరులు కాలేకపోయినవారున్నారు. సరోగసీ బిడ్డకు ఎవరి హోదా చూస్తారు? చెత్తకుండీ దగ్గర దొరికిన పసికందుకు? ఆఖరి ప్రశ్నకు మాత్రం అమెరికా చట్టంలో ఇప్పటికే జవాబు ఉంది: తల్లిదండ్రులెవరో తెలియకుండా ఐదేళ్లలోపు దొరికిన బిడ్డ, 21 ఏళ్లు నిండేలోపు వేరే చోట పుట్టినట్టు రుజువైతే తప్ప, పౌరుడే.

హోదాను ఏ రోజున చూస్తారన్నది మన కుటుంబాలకు మరీ పదునైన ప్రశ్న. ప్రసవం రోజునే అనుకుంటే, ఆ నెలలో లేఆఫ్ అయి కొత్త ఉద్యోగం వెతుక్కునే 60 రోజుల గడువులో ఉన్న తండ్రి సంగతేమిటి? ఐ-485 అనే చివరి దశ దరఖాస్తు వేసి గ్రీన్‌కార్డు కోసం చూస్తున్నవారు ఇంకా గ్రీన్‌కార్డుదారులు కారు. ముసాయిదాల్లో వాడిన మాటల ప్రకారం వాళ్ల బిడ్డ బయటే. వారం తర్వాత కార్డు వచ్చినా పుట్టిన రోజు మారదు. ఒకే ఇంట్లో 2023లో పుట్టిన అక్క పౌరురాలు, గీత దాటాక పుట్టిన తమ్ముడు హెచ్‌-4 ఆధారిత వీసాదారు అవుతాడు. అమ్మమ్మను చూడటానికి గుంటూరు వస్తే అక్కకు ఓసీఐ (భారత సంతతి విదేశీయులకిచ్చే కార్డు) ఉంటుంది, తమ్ముడు తాను పుట్టిన దేశానికి తిరిగెళ్లడానికి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ వేయించుకోవాలి.

తమ్ముడికి భారత పాస్‌పోర్టు కూడా దానంతట అదే నడిచిరాదు. పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి, మరే దేశ పాస్‌పోర్టూ లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అమెరికా పౌరసత్వం ఎలాగూ వస్తుందన్న ధీమాతో ఇంతకాలం అక్కడివాళ్లు పెద్దగా తొక్కని దారి ఇది. కోర్టులో కేసు నడుస్తుంటే ఇక్కడే ఇరుకున పడతారు: బిడ్డ అమెరికా పౌరుడేనని అక్కడ వాదిస్తూ, మరే దేశ పాస్‌పోర్టూ లేదని రాసిచ్చి ఇక్కడ భారత పౌరుడిగా ఎలా నమోదు చేయిస్తారు? ఏడాది గడువు మాత్రం ఆగదు.

గ్రీన్‌కార్డు వరుసలోనైనా పుట్టిన చోటు కలిసొస్తుందా అంటే అదీ లేదు. ఆ కోటా పుట్టిన దేశాన్ని బట్టే నడుస్తుంది, అందుకే భారత్‌లో పుట్టినవారి వరుస అంత పొడుగు. అయితే అమెరికాలో పుట్టీ పౌరుడు కాని మనిషిని ఏ దేశం లెక్కలో వేయాలో వలస చట్టం 202వ సెక్షన్ ముందే చెప్పి ఉంచింది: అతను ఏ దేశ పౌరుడో ఆ దేశం లెక్కలో. తల్లిదండ్రుల దరఖాస్తు తేలకముందే 21 నిండితే వాళ్ల నీడ తప్పుతుంది. అప్పుడు డాలస్‌లో పుట్టి పెరిగిన ఆ కుర్రాడు సొంతంగా దరఖాస్తు పెట్టుకుని భారత్ వరుసలో చివర నిలబడాలి.